ఒక్కపొద్దు లాప్‌టాప్

అన్న పోయాడని నాకు తెలిసింది పొద్దున ఏడుంబావుకు, బహ్రెయిన్‌లో, సీఫ్‌లో ఉన్న మా ఆఫీసు కింద కారు పెట్టుకోవడానికి చోటు వెతుక్కుంటున్నప్పుడు. ఆయనతో ఒకే గదిలో ఉండే మేస్త్రీ ఫోన్ చేశాడు. ఆయనది నిజామాబాద్ దిక్కు, సఖీర్‌లో కట్టడం పని. నాకెప్పుడూ ఫోన్ చేసే మనిషి కాదు. "తమ్మీ, మీ అన్న లేస్తలేడు. చాయ్ పెట్టి పిలిచిన, లేస్తలేడు. అంబులెన్సోళ్లు అచ్చి సూసిన్రు. ఇగ లేడంటున్నరు" అన్నాడు. వెనక కార్లవాళ్లు హారన్ కొడుతున్నా నేను ముందుకు కదల్లేదు. అప్పుడు నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట మీకు చెప్పాలి, ఎందుకంటే ఇందులో ఏదీ దాచకూడదనే రాయడానికి కూర్చున్నాను. "నిన్న నా గురించి ఏమన్న అన్నడా?" అని అడిగాను. ఎట్లా పోయాడని కాదు, ఎప్పుడు పోయాడని కాదు. ఏమీ అనలేదని మేస్త్రీ చెప్పాక నాకు ఊపిరి ఆడింది. ఊపిరి ఆడినందుకు ఇవాళ్టికీ నా మీద నాకు అసహ్యం పోలేదు.

ఆయన నాకు సొంత అన్న కాదు. ఇద్దరిదీ జగిత్యాల దిక్కే కాబట్టి మొదటి రోజే ఆయన నన్ను తమ్మీ అన్నాడు, నేను అన్నా అన్నాను. ఆరేళ్లు అదే నడిచింది. మాది చిన్న కంపెనీ. మందులు, టీకాలు నిలవ ఉంచే కోల్డ్ రూములకు కాపలా కాసే సాఫ్ట్‌వేర్ తయారుచేస్తాం. గది వేడెక్కుతుంటే మోత మోగించి, మనుషులకు మెసేజ్ పంపుతుంది, దాని పని అంతే. అన్న ఇరవై రెండేళ్ల కింద బహ్రెయిన్‌కు వచ్చింది సాఫ్ట్‌వేర్ కోసం కాదు, కోల్డ్ రూముల గోడలు బిగించే హెల్పరుగా. గోడల నుంచి వైర్లకు, వైర్ల నుంచి కంప్యూటర్లకు తనంతట తానే జరుగుతూ వచ్చాడు. ఆయన ఇంటర్ తప్పిన మనిషి, నేను ఇంజినీరింగ్ ప్యాసైనవాణ్ని. మా ఇద్దరిలో ఎవరికి పని వచ్చో ఆఫీసులో చాయ్ తెచ్చే భాయ్‌ని అడిగినా చెప్పేస్తాడు.

ఆయన కారు వెనక సీట్లో ఏడాది పొడవునా ఒక మందపాటి జాకెట్ ఉండేది. బయట తారు మెత్తబడే ఎండ, ఆయన చేతిలో చలికోటు. కోల్డ్ రూంలోకి పోయేముందు అది తొడుక్కుని, బయటికొచ్చి చెమటలు కక్కుతూ విప్పేవాడు. "దుబాయి పోయి చలికి వణికిన అంటే మా ఊర్ల ఎవడన్న నమ్ముతడా తమ్మీ" అని నవ్వేవాడు. బహ్రెయిన్‌లో ఇరవై రెండేళ్లు ఉన్నా ఆయనకూ ఆయన ఊరికీ ఇది దుబాయే.

మా పనిలో ఉన్న కిటుకు కొంచెం చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. కస్టమర్ల దగ్గర ఉండే కంప్యూటర్లు మావి కావు. వాటిలో ఏది మార్చినా గ్యారంటీ పోతుందని వాటిని బిగించినవాళ్లు ముందే చెప్పేస్తారు. కాబట్టి మా ప్రోగ్రాం ఆ మిషన్‌లో దేన్నీ ముట్టుకోకుండా, ఒకే ఒక ఫోల్డర్‌లో ఉండి నడవాలి. దానికి కావలసిన చిన్న చిన్న సహాయక ప్రోగ్రాములు, లైబ్రరీలంటాం, అవన్నీ ఆ ఫోల్డర్‌లోనే మోసుకుపోవాలి. ఫోల్డర్ తీసేస్తే మేం వచ్చిన జాడ కూడా ఉండకూడదు. అన్న దీన్ని తన పాత పని మాటల్లో చెప్పేవాడు. "కోల్డ్ రూం గోడకు ఒక్క మేకు కొట్టినవనుకో, గా సందుల నుంచే సల్లదనం పోతది. మందిది గోడ తమ్మీ, మేకు కొట్టద్దు. నీ సామాన్ నువ్వే తెచ్చుకో, నువ్వే తీస్కపో."

మా సొంత మిషన్ దగ్గర కూడా ఆయనకు అదే పట్టింపు. ప్రోగ్రాం కట్టే ప్రతిసారీ మిషన్ లోపలే ఒక ఖాళీ డబ్బా వంటిది కొత్తగా తెరిచి, అందులోనే కట్టి, పని కాగానే ఆ డబ్బాను పారేసేవాడు. కట్టడం మొదలుపెట్టేముందు గోడ నుంచి నెట్ తీగ పీకి, దాని కొసను చొక్కా జేబులో పెట్టుకునేవాడు. బయటి నుంచి ఏదో ఒక ముక్క మనకు చెప్పకుండా దిగిపోతుందని ఆయన అనుమానం. ఒకసారి మేనేజర్ పిలిస్తే తీగ సంగతి మరిచి లేచాడు, బల్లమీది ఫోను, చాయ్ కప్పు, నా కీబోర్డు అన్నీ ఆయన వెంట బయల్దేరాయి. ఆఫీసంతా పొట్ట పట్టుకుని నవ్వింది. ఆయన మాత్రం జేబు తడుముకుని, తీగ కొస ఇంకా అందులోనే ఉందని తెలుసుకుని, అప్పుడు నవ్వాడు.

ఆయనకు గిట్టని మాట ఒకటే: "ఉంటదిలే." అవతలి మిషన్‌లో ఆ లైబ్రరీ ఉంటదిలే అని ఎవరైనా అంటే చాలు, ముఖం మాడ్చుకునేవాడు. "ఉంటదిలే అంటే లేదన్నట్టే లెక్క" అనేవాడు. అందుకే ఒక్కపొద్దు లాప్‌టాప్ పెట్టాడు. మా దిక్కు ఉపవాసాన్ని ఒక్కపొద్దు అంటాం. అన్న శనివారం శనివారం ఉండేవాడు. ఆ పాత లాప్‌టాప్‌ను కూడా అట్లాగే ఉంచేవాడు. దానిలో సిస్టం తప్ప ఇంకేమీ ఉండదు. మేం కట్టిన ఏ ఫోల్డరైనా ముందు దాని మీద నడవాలి. నడిస్తేనే అన్న సంతకం పెడతాడు, సంతకం పడితేనే కస్టమర్‌కు పోతుంది. ప్రతి పరీక్ష తర్వాత దాన్ని మొత్తం తుడిచి, మళ్లీ ఉత్త సిస్టం ఎక్కించి, అల్మారాలో పెట్టేవాడు. నాకు ఈ పని నేర్పిన మొదటి వారం, "దీనికి ఒక్క మెతుకు పెట్టినా మన పని పాడైతది" అన్నాడు. నేను బుద్ధిగా తలూపాను.

ఆ మెతుకు పెట్టింది నేనే.

గలాలీ దగ్గర మందుల గోదాముకు కొత్త ఫోల్డర్ పంపాల్సి ఉంది. పరీక్ష మర్నాటి పొద్దున. అన్న సైటు మీద ఉన్నాడు. నాకు ఆత్రం ఎక్కువ, ఆయన పరీక్ష చేసేలోపే నేనొకసారి చూసుకుందామని మధ్యాహ్నం అల్మారా నుంచి ఒక్కపొద్దు లాప్‌టాప్ తీశాను. ఫోల్డర్ నడవలేదు. ఒక లైబ్రరీ లేదంది. నిజంగా అదేనా కారణమని తెలుసుకోవడానికి, ఆ లైబ్రరీని తెచ్చి నేరుగా లాప్‌టాప్‌లోనే ఎక్కించాను. నడిచింది. సరే, దీన్ని ఫోల్డర్‌లో కలిపి మళ్లీ కడదాం, లాప్‌టాప్ తుడిచేద్దాం అనుకుంటుండగా ఇంకో కస్టమర్ దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. లాప్‌టాప్ మూసి అల్మారాలో పెట్టి పరిగెత్తాను.

మర్నాడు, గురువారం, నేను ఆఫీసుకు వచ్చేసరికి పదైంది. అప్పటికే అన్న పరీక్ష చేశాడు, నడిచింది, సంతకం పెట్టాడు, ఫోల్డర్ గలాలీ దారిలో ఉంది. ఒక్క ఫోన్ చేస్తే ఆగిపోయేది. చేయలేదు. చేస్తే ఆ లాప్‌టాప్ ముట్టుకున్నందుకు తిడతాడు. ఆ లైబ్రరీ మామూలుగా అన్ని మిషన్లలోనూ కనిపించేదే కదా, గోదాము మిషన్‌లోనూ ఉంటుందిలే అనుకున్నాను. అవును, అదే మాట అనుకున్నాను.

లేదు. కొత్త ఫోల్డర్ పెట్టగానే నడవదు, మిషన్ మళ్లీ మొదలైనప్పుడే లేస్తుంది. ఆ మిషన్ శుక్రవారం తెల్లారి తనంతట తాను మళ్లీ మొదలయ్యే రకం. శుక్రవారం, శనివారం గోదాముకు సెలవు. మా ప్రోగ్రాం లేవలేదు, ఒక గది చెడింది, మోత మోగలేదు. ఆదివారం పొద్దున తలుపు తెరిచినవాళ్లకు వెచ్చటి గాలి తగిలిందట. ఆ గదిలోని ఇన్సులిన్, పిల్లల టీకాలు మొత్తం పారేయాల్సి వచ్చింది.

ఇక్కడిదాకా నాది పొరపాటు. తర్వాత చేసింది వేరు. ఆ ఆదివారం కబురు అందగానే అన్న గలాలీకి ఉరికాడు. నేను ఆఫీసులో ఒక్కణ్నే మిగిలాను. అల్మారా తెరిచాను. ఆయన పరీక్ష అయ్యాక ఆ గురువారం తుడవలేదు, సెలవుల తొందరలో పక్కన పెట్టినట్టున్నాడు. నేనెక్కించిన లైబ్రరీ ఇంకా అందులోనే ఉంది. ఆయన తిరిగొచ్చి చూస్తే రెండు నిమిషాల్లో పట్టేస్తాడు. అబద్ధం ఎందుకు చెప్పాలి, ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. లాప్‌టాప్ మొత్తం తుడిచి, ఉత్త సిస్టం ఎక్కించి, తుడిచిన తారీఖు కూడా గురువారమే పడేట్టు మార్చి, ఎట్లా ఉన్నదాన్ని అట్లాగే పెట్టేశాను. ఆయన నేర్పిన పనే. జాడ లేకుండా చేయడం నాకు బాగా వచ్చింది.

అన్న వచ్చి, చెప్పులు కూడా విడవకుండా అదే ఫోల్డర్‌ను లాప్‌టాప్ మీద నడిపాడు. నడవలేదు. మళ్లీ నడిపాడు. నాలుగోసారి కూడా లైబ్రరీ లేదనే వచ్చాక, కళ్లద్దాలు తీసి తుడుచుకుని, ఐదోసారి నడిపాడు. విచారణలో మేనేజర్ ఎదుట తడుముకోకుండా ఒకే మాట చెప్పాడు, పరీక్ష చేసి సంతకం పెట్టింది తానేనని. నేను ఆ గదిలోనే ఉన్నాను. పరీక్ష సరిగా చేయకుండా సంతకం పెట్టారు అని రిపోర్టులో రాసి, కస్టమర్‌కు పంపారు. ప్రోగ్రాములు కట్టే పని ఆయన చేతిలోంచి తీసేశారు. రోజూ గోదాములు తిరిగి థర్మామీటర్లు చూసి రాసుకొచ్చే డ్యూటీ వేశారు.

ఆయనకు ఆ డ్యూటీ బాధ కాదు. తన మీద తనకు నమ్మకం పోవడం బాధ. నడిచిందని తన కళ్లతో చూసినట్టు గుర్తుంది, మిషనేమో నడవదంటోంది. మిషన్ అబద్ధం చెప్పదని ఇరవై ఏళ్లుగా నమ్మిన మనిషి, ఇంకెవరిని అనుమానించాలి? తననే అనుమానించుకున్నాడు. కంటి డాక్టర్ దగ్గరికి పోయొచ్చాడు. అద్దాలు మార్చాడు. గది తాళం వేశాడో లేదో చూడటానికి రెండుసార్లు వెనక్కి పోతున్నాడని మేస్త్రీ నాతో అన్నాడు. థర్మామీటర్ దగ్గర నిలబడి అంకె చదివి, రాసుకుని, మళ్లీ చదివేవాడు. పక్కన ఎవరుంటే వాళ్లను పిలిచి, అది నాలుగేనా అని అడిగేవాడు.

ఒకరోజు గలాలీ గోదాము బయట కారులో కూర్చున్నాం. సమోసా తింటున్నాం. ఆయన తినడం ఆపి నా వైపు తిరిగాడు.

"తమ్మీ, నిజం జెప్పు. నేను ఈ మధ్య మరుస్తున్ననా?"

అంతకంటే సూటిగా ఏ మనిషీ అడగలేడు. తలుపు తెరిచి పెట్టినట్టే. చెప్పడానికి నా నోరు తెరుచుకుంది కూడా. చెప్తే ఉద్యోగం పోతుంది, వీసా పోతుంది, అన్నింటికన్నా ముందు ఈ మనిషి నన్ను చూసే చూపు పోతుంది. "వయసు మీద పడ్తున్నది గద అన్నా" అన్నాను.

ఆయన తలూపాడు. సమోసా సగం కాగితంలో చుట్టి పక్కన పెట్టాడు. ఆ మర్నాటి నుంచి ప్రతిదీ చిన్న నోటుబుక్కులో రాసుకోవడం మొదలుపెట్టాడు: మాత్ర వేసుకున్నా, కారు తాళం వేసినా, ఊర్లో ఉన్న వదినకు ఫోన్ చేసినా. ఆయనకు యాభై నాలుగేళ్లు. ఆయన్ని ముసలివాణ్ని చేసింది ఏళ్లు కాదు, నా ఒక్క మాట.

అట్లా రెండు నెలలు బతికాడు. గుండె ఆగిందని కాగితంలో రాశారు. షుగర్ ఉంది, బీపీ ఉంది, నేనే చంపానని అనడానికి నా దగ్గర ఆధారం లేదు, కాదనడానికీ లేదు. ఈ రెండింటి మధ్య నేను ఎన్నిసార్లు పడి లేస్తున్నానో చెప్తే మీకు విసుగొస్తుంది.

కాగితాల పని వారం పట్టింది. పోలీసులు, ఎంబసీ, వీసా ఇచ్చిన కఫీల్ సంతకం, అన్నింటికీ నేనే తిరిగాను. అందరూ నన్ను మెచ్చుకున్నారు, సొంత తమ్ముడు కూడా ఇంత చేయడన్నారు. మార్చురీలో ఆయన్ని గుర్తుపట్టడానికి పోయినప్పుడు, తలుపు మీది థర్మామీటర్ చూశాను. అలవాటు. అంకె సరిగానే ఉంది. అది చూశాకే లోపలికి పోయి ఆయన ముఖం చూడగలిగాను. ముక్కు మీద కొత్త అద్దాల గుర్తులు ఇంకా చెరగలేదు.

పెట్టె వెంట ఊరికి పోవాల్సింది నేనే. సెలవు ఇవ్వలేదని అందరికీ చెప్పాను. నేను అడగనే లేదు.

ఒకటి ముందే చెప్పేస్తాను. అన్న దహనం అయిన తర్వాతి ఆదివారం మేనేజర్ దగ్గరికి పోయి జరిగింది మొత్తం చెప్పాను. ఆయన తలుపు మూసి, చివరిదాకా విని, రిపోర్టు కస్టమర్‌కు పోయింది, ఖలాస్, ఇప్పుడు మార్చేది లేదన్నాడు. చనిపోయినవాడికి దానివల్ల వచ్చే నష్టం లేదట. నా సంగతి పైవాళ్లతో మాట్లాడి చెప్తానన్నాడు. ఇది అచ్చయ్యేసరికి నేను బహ్రెయిన్‌లో ఉంటానో లేదో తెలియదు. ఆ రిపోర్టు వాళ్లు మార్చరు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను: ఆయన పరీక్ష చేశాడు. సరిగ్గా చేశాడు. ఆయన చూసింది నిజమే.

ఇక దహనం జరిగిన ఆ శుక్రవారం. తెల్లవారుజామున అంబులెన్స్ ఊరికి చేరింది. మేస్త్రీ, నేను అన్న గదిలోనే కూర్చుని ఫోన్‌లో వీడియో కాల్ పెట్టుకుని చూస్తున్నాం. ఆయన మంచం మీద పరుపు అప్పటికే చుట్టేసి ఉంది. స్నానం చేయించాక, పాడె కట్టే వేళకు వదిన ఫోన్ తీసుకుని లోపలి గదిలోకి పోయింది. ఏడ్చి ఏడ్చి గొంతు లేదు. నాతో ఆమె మాట్లాడటం అది మూడోసారో నాలుగోసారో.

"తమ్మీ, నీకెరికైతది గద. ఆయన నిజంగ సూడకుంటనే సంతకం పెట్టిండా? ఫోన్ జేసినప్పుడల్ల గదే ముచ్చట. నా మతి పోతున్నది, నన్నెవలు పనిల పెట్టుకుంటరు అనుకుంట ఏడ్చేటోడు. నాకు గా కంప్యూటర్ల సంగతి తెల్వకపాయె, నేనేం జెప్పుదు?"

నా ముందు ఆయన ఏనాడూ ఏడవలేదు. మేస్త్రీ పక్కనే ఉన్నాడు. ఆయన లేచి బయటికి పోతాడేమోనని చూశాను, పోలేదు. చెప్పాను. లైబ్రరీ ఎక్కించడం, తుడవడం, తారీఖు మార్చడం, కారులో నేను ఆయనతో అన్న మాట. వదినకు సగం అర్థం కాలేదేమో, కానీ కావలసింది అర్థమైంది. అవతల ఎవరో ఆమెను పిలుస్తున్నారు. ఆమె పలకలేదు. తిడుతుందని చూశాను. తిడితే బాగుండునని చూశాను.

"నాకు జెప్తే ఏమొస్తది" అంది చివరికి. "ఆయనకు జెప్పు."

ఎట్లా వదినా అన్నాను.

"దింపుడు కళ్లం కాడ చెవుల పిలుస్తరు గద. మా తమ్మునికి ఫోన్ ఇస్త. గప్పుడు జెప్పు."

శ్మశానానికి పోయే దారిలో పాడెను ఒకసారి దింపుతారు. పోయిన మనిషిలో ఎక్కడైనా ప్రాణం మిగిలి ఉందేమోనని, దగ్గరివాళ్లు వంగి చెవిలో మూడుసార్లు పిలుస్తారు. పలకడని అందరికీ తెలుసు. వారం రోజులు మార్చురీలో ఉండి, సముద్రం దాటి పెట్టెలో వచ్చిన మనిషి అసలే పలకడు. అయినా పిలుస్తారు.

డప్పులు ఆగాయి. ఆయన పెద్దన్న తమ్మీ అని పిలిచాడు. ఇంకెవరో బాపూ అన్నారు, చిన్నాయినా అన్నారు. తర్వాత వదిన తమ్ముడి మోకాళ్లు కనిపించాయి, తెల్లబట్ట కనిపించింది, ఫోన్ అన్న చెవికి ఆనించగానే తెర నల్లబడింది.

"అన్నా" అన్నాను. మేస్త్రీ నా భుజం పట్టుకున్నాడు. "అన్నా, నువ్వు సూసే సంతకం పెట్టినవ్. అది నడిచింది. లాప్‌టాప్‌ల నేను పెట్టిన, నేనే తుడిచిన. నీ మతి మంచిగున్నది. నీ కండ్లు మంచిగున్నయ్. నువ్వేం మరువలే అన్నా."

పిలిచాక కాసేపు ఆగాలి. అక్కడ అందరూ ఆగారు. నల్లటి తెరను చెవికి ఆనించుకుని నేను కూడా ఆగాను. సిగ్గు లేకుండా చెప్తున్నాను, ఆ కాసేపు నేను ఆయన జవాబు కోసమే చూశాను. తిట్టినా సరే అనుకున్నాను.

తర్వాత ఎవరో ఎత్తుండ్రి అన్నారు. వదిన తమ్ముడు కాల్ కట్ చేయడం మరిచి ఫోన్ చేతిలో పట్టుకునే నడిచాడు. తెర మీద చెప్పుల్లేని కాళ్లు, మట్టి దారి, మళ్లీ కాళ్లు. పాడె మీద చల్లే బొరుగులు రాలుతున్నాయి, వాటిని తొక్కుకుంటూ పోతున్నారు.